మోడ్ ఆగింది సరే, ఆపింది ఎవరు?

విశాఖ డాల్ఫిన్స్ నోస్ కొండ మీది లైట్‌హౌస్‌ను ఫాలౌట్ 4 ఆటలో సముద్రం ఒడ్డున నిలబెట్టాలనుకుందాం. ఫొటోలు చూసుకుని బ్లెండర్‌లో మోడల్ కట్టి, గోడలకు రంగులు దిద్ది, పీసీలో నడిపితే అడిగేవాళ్లు లేరు. ఆటకు ఆటగాళ్లు ఇలా సొంతంగా చేసే చేర్పునే మోడ్ అంటారు. అదే మోడ్‌ను మైక్రోసాఫ్ట్ గేమ్ కన్సోల్ ఎక్స్‌బాక్స్‌కు పంపితే వెళ్తుంది. సోనీ కన్సోల్ ప్లేస్టేషన్‌కు పంపబోతే అప్‌లోడ్ దశలోనే ఆగిపోతుంది. గేమ్ అదే, మోడ్ అదే, తయారుచేసిన మనిషీ అతనే.

ఇలా ఆగినప్పుడల్లా విశాఖ గేమర్ల మధ్య వినిపించే మాట ఒకటుంది: "సోనీవాడు రిజెక్ట్ కొట్టాడు." చాలాసార్లు అది సరైన లెక్క కాదు. సోనీ, మైక్రోసాఫ్ట్, నింటెండోలు ఒక్కో మోడ్‌నూ తెరిచి చూసి తీర్పు చెప్పడం అరుదు. ఏ రకం ఫైళ్లు లోపలికి రావచ్చు, ఎంత జాగా వాడుకోవచ్చు, పేచీ వస్తే తీసేసే బాధ్యత ఎవరిది అన్నవి గేమ్ కంపెనీతో ముందే మాట్లాడుకుని హద్దులు గీస్తాయి. ఆ హద్దుల లోపల మోడ్‌ను ఉంచాలా తీసేయాలా అన్నది గేమ్ కంపెనీ పని, లేదా ఆ కంపెనీ పెట్టుకున్న మోడ్ సర్వీసు పని. పోర్టులో కంటైనర్ కొలత, బరువు, సీలు చూసేది ఒకరైతే, లోపలి సరుకు మీద పేచీ వస్తే జవాబు చెప్పాల్సింది మరొకరు. ఇదీ అంతే. ఈ తేడా తెలియకపోతే ఉత్తరం రాయాల్సిన చోట రాయకుండా ఇంకెక్కడో రాసి నెలలు పోగొట్టుకుంటాం.

2016లో జరిగింది చూస్తే విషయం తేటపడుతుంది. ఫాలౌట్ 4 మోడ్‌లు ఎక్స్‌బాక్స్ వన్‌కు ఆ ఏడాది మే 31న వచ్చాయి. ప్లేస్టేషన్ 4కు కొద్ది వారాల్లో వస్తాయన్నారు, రాలేదు. సెప్టెంబరు 9న ఆ ఆట కంపెనీ బెథెస్డా ఓ ప్రకటన చేసింది: మోడ్‌లు ఎలా ఉండాలని తాము అనుకున్నారో అలా ఉండేందుకు సోనీ ఒప్పుకోవడం లేదని, ఫాలౌట్ 4కే కాదు తమ మరో ఆట స్కైరిమ్‌కూ అదే పరిస్థితి అని. ఆటగాళ్లు గగ్గోలు పెట్టారు. అక్టోబరు మొదటి వారానికి రాజీ కుదిరింది. మోడ్‌లు ప్లేస్టేషన్‌కు వస్తాయి, కానీ బయటి నుంచి తెచ్చిన అసెట్‌లు ఉండకూడదు, ఆటలో ఇప్పటికే ఉన్న వాటితోనే చేసుకోవాలి. అక్టోబరు 28న స్కైరిమ్ స్పెషల్ ఎడిషన్ ఆ షరతుతోనే విడుదలైంది, ఫాలౌట్ 4కు నవంబరులో వచ్చాయి. జాగా కూడా సమానంగా పంచలేదు. ఫాలౌట్ 4 మోడ్‌లకు ఎక్స్‌బాక్స్‌లో 2 జీబీ, ప్లేస్టేషన్‌లో 900 ఎంబీ. స్కైరిమ్‌కు ఒకచోట 5 జీబీ, రెండోచోట 1 జీబీ.

సోనీ అంటేనే పట్టుదల అనుకోకండి. 2007లో వచ్చిన అన్‌రియల్ టోర్నమెంట్ 3 ఆటలో ప్లేస్టేషన్ 3 వాళ్లు జనం చేసిన మోడ్‌లు ఎక్కించుకున్నారు. మరుసటి సంవత్సరం వచ్చిన ఎక్స్‌బాక్స్ 360 వెర్షన్‌లో ఆ సదుపాయమే లేదు. తొమ్మిదేళ్లలో పాత్రలు తారుమారయ్యాయి. కాబట్టి ఏ కంపెనీ విధానాన్నీ దాని స్వభావంగా తీసుకోకూడదు. ఆ ఆటకు, ఆ సంవత్సరానికి కుదిరిన ఒప్పందంగానే చూడాలి.

బయటి అసెట్ అంటే ఏమిటో మన లైట్‌హౌస్ మీద పెట్టి చూద్దాం. ఒక మోడ్‌లో రెండు రకాల సరుకు ఉంటుంది. ఒకటి ఈఎస్‌పీ ప్లగిన్ ఫైలు. ఏ వస్తువు ఎక్కడ ఉండాలి, తుపాకీ దెబ్బ ఎంత, వాన ఎప్పుడు కురవాలి లాంటి రికార్డులన్నీ ఇందులో ఉంటాయి. అంటే ఒక జాబితా లాంటిది. రెండోది ఆ జాబితా పిలిచే అసలు ఫైళ్లు: త్రీడీ ఆకారానికి ఎన్‌ఐఎఫ్, రంగుకు డీడీఎస్, శబ్దాలకు ఎక్స్‌డబ్ల్యూఎం, నడిపించే స్క్రిప్టుకు పీఈఎక్స్. వీటన్నిటినీ బీఏ2 అనే ఆర్కైవ్‌లో కట్టి పంపుతారు. ప్లేస్టేషన్‌కు వెళ్లేది మొదటి రకం మాత్రమే. మీరు చేసిన లైట్‌హౌస్ ఆకారం, గోడ రంగు, దీపం తిరిగే శబ్దం ఏదీ వెళ్లదు.

అయితే దారి మూసుకుపోలేదు. ఫాలౌట్ 4లోనే కింగ్స్‌పోర్ట్ లైట్‌హౌస్ ఉంది. దాని ముక్కలన్నీ ఆటలో ముందే ఉన్నాయి గనక బెథెస్డా మోడ్ తయారీ సాధనం క్రియేషన్ కిట్‌లో వాటిని నకలు తీసి, కొండ రాళ్లు చుట్టూ పేర్చి, దీపం రంగు మార్చి, మరోచోట నిలబెట్టొచ్చు. అది ప్లగిన్ రికార్డే కాబట్టి ప్లేస్టేషన్‌కు వెళ్తుంది. పోలిక పూర్తిగా రాదు, దూరం నుంచి చూస్తే మాత్రం వస్తుంది. ప్లేస్టేషన్ మోడ్‌లలో పేరు తెచ్చుకున్నవన్నీ ఈ రకం చాకచక్యంతో వచ్చినవే.

తెలుగు బోర్డు విషయంలో మాత్రం గట్టిగా దెబ్బ తగులుతుంది. ఆటలో మెనూలకు వాడే ఫాంట్‌లో తెలుగు అక్షరాలు లేవు. వస్తువు పేరు తెలుగులో పెడితే తెర మీద డబ్బాలు కనిపిస్తాయి. కొత్త ఫాంట్ పెట్టాలంటే అది బయటి అసెట్. "యారాడ" అని గోడ మీద రాయాలంటే అక్షరాలను చిత్రంగా టెక్స్చర్‌లో, అంటే వస్తువు మీద అతికే బొమ్మలో, కలపాలి, అదీ బయటి అసెటే. కాబట్టి తెలుగు కనబడాలంటే పీసీ లేదా ఎక్స్‌బాక్స్. ప్లేస్టేషన్‌లో ఇంగ్లిష్ అక్షరాల్లో రాసుకుని సరిపెట్టుకోవాల్సిందే.

ఇక జాగా లెక్క. 4096 చదరపు టెక్స్చర్‌ను పిక్సెల్‌కు ఒక బైటు చొప్పున కుదించి దాచితే 16 ఎంబీ. దూరం పెరిగే కొద్దీ వాడే చిన్న నకళ్లు, అంటే మిప్‌మ్యాప్‌లు, ఇంకో మూడోవంతు కలుపుతాయి. మొత్తం సుమారు 21 ఎంబీ. ఒక్కో వస్తువుకు రంగు, ఎగుడుదిగుడు, మెరుపు అని మూడు టెక్స్చర్‌లు కావాలి గనక 64 ఎంబీ. అదే 2048కి తగ్గిస్తే 16 ఎంబీ, 1024కి తగ్గిస్తే 4. సోఫాలో కూర్చుని టీవీలో చూసేవాడికి మొదటిదానికీ రెండోదానికీ తేడా దాదాపు తెలియదు, మెట్ల రెయిలింగుకైతే 1024 చాలు. ఎక్స్‌బాక్స్ ఇచ్చిన 2 జీబీ అంటే చాలా అనిపిస్తుంది, కానీ అది మీ ఒక్కరిది కాదు, ఆటగాడు పెట్టుకునే మోడ్‌లన్నిటికీ కలిపి. మీ లైట్‌హౌస్ 300 ఎంబీ తింటే అతను ముందు తీసేసేది దాన్నే.

ఇక్కడే ఇంకో చిక్కు. ఎక్స్‌బాక్స్‌లో మోడ్‌లు తీసేసినా ఒక్కోసారి జాగా ఖాళీ కాదు, "స్థలం లేదు" అనే వస్తుంది. దీన్ని ఘోస్ట్ స్పేస్ అంటారు. నిషేధం అనుకుని కంగారు పడేవాళ్లున్నారు. ఆట మీద మెనూ తెరిచి, మేనేజ్ గేమ్‌లోకి వెళ్లి, సేవ్డ్ డేటాలో రిజర్వ్‌డ్ స్పేస్ అన్నదాన్ని మాత్రమే తుడిచేయాలి. మోడ్‌లన్నీ పోతాయి, మళ్లీ దించుకోవాలి. దాని పక్కనే మీ పేరుతో ఉండే సేవ్ ఫైలును ముట్టుకుంటే ఆట మొత్తం గోవిందా.

అసెట్‌లంటే కన్సోల్ కంపెనీలకు ఇంత జంకు ఎందుకంటే, బయటివాళ్లు చేసిన ఫైలును ఆట చదివే ప్రతిచోటా దొంగదారి ఉండే అవకాశం ఉంది. నింటెండో 3డీఎస్‌కు క్యూబిక్ నింజా అనే ఆట ఉండేది. జనం తమ లెవెల్‌ను క్యూఆర్ కోడ్‌గా పంచుకునేవాళ్లు. ఆ లెవెల్ డేటాను ఆట చదివే తీరులో ఒక లోపం దొరికింది. 2014 నవంబరులో నింజ్‌హ్యాక్స్ అనే పద్ధతి బయటికొచ్చింది: ప్రత్యేకంగా తయారుచేసిన క్యూఆర్ కోడ్ చూపిస్తే చాలు, కన్సోల్‌లో నింటెండో అనుమతి లేని ప్రోగ్రాములు నడుస్తాయి. ఎవరూ పట్టించుకోని ఆట ధర రాత్రికి రాత్రే పెరిగింది. ఒక చిన్న లెవెలే ఇంత పని చేస్తే, ఆకారాలు, బొమ్మలు, శబ్దాలు, స్క్రిప్టులు అన్నీ చదివే ఆటలో దారులు ఎన్నో ఊహించుకోవచ్చు. స్క్రిప్ట్ ఎక్స్‌టెండర్ అవసరమైన మోడ్‌లు ఏ కన్సోల్‌కూ రాకపోవడం ఇందుకే. అవి ఆట నడుస్తుండగా దాని మెమరీలోకి వేరే ప్రోగ్రామును చొప్పిస్తాయి. దాన్ని మైక్రోసాఫ్ట్ కూడా ఒప్పుకోదు. "పీసీలో ఉంది, ఎక్స్‌బాక్స్‌కు ఎందుకు తేవు" అని మోడ్ రచయితను తిట్టేవాళ్లు ముందు ఆ మోడ్‌కు ఏమేం అవసరమో చదవాలి.

రెండో జంకు వయసు రేటింగ్. 2005లో గ్రాండ్ థెఫ్ట్ ఆటో శాన్ ఆండ్రియాస్ డిస్కులో దాచి వదిలేసిన శృంగార దృశ్యాన్ని ఒక మోడ్ తెరిచింది. జులైలో అమెరికా రేటింగ్ సంస్థ ఈఎస్‌ఆర్‌బీ ఆటను పెద్దలకు మాత్రమే అనే తరగతిలోకి తోసింది. ఆ తరగతి ఆటలకు కన్సోల్‌లలో చోటు లేదు, పెద్ద దుకాణాలు అమ్మవు. మరుసటి ఏడాది మే నెలలో బెథెస్డా సొంత ఆట ఆబ్లివియన్‌కు టీన్ రేటింగ్ పోయి మెచ్యూర్ వచ్చింది. కారణాల్లో ఒకటి, మోడ్ ద్వారా బయటపడే ఒక నగ్న చిత్రం ఫైలు. ఎవరో చేసిన మోడ్ వల్ల మొత్తం ఆట రేటింగ్ మారడమంటే పెట్టెలన్నిటి మీదా కొత్త స్టిక్కర్లు, దుకాణాలతో కొత్త మాటలు. పీసీలో విచ్చలవిడిగా దొరికే నగ్నత్వం మోడ్‌లు కన్సోల్ మెనూలో కనిపించకపోవడం వెనక ఇలాంటి సంఘటనల భయం ఉంది.

అన్ని కంపెనీలూ బెథెస్డా పద్ధతిలో వదిలేయవు. ఫార్మింగ్ సిమ్యులేటర్ తయారుచేసే జెయింట్స్ 2016లో ఫార్మింగ్ సిమ్యులేటర్ 17తో కన్సోల్‌లకు మోడ్‌లు తెచ్చింది, కానీ ప్రతి మోడ్‌నూ తానే పరీక్షిస్తుంది. కొత్త స్క్రిప్టు ఉన్నవి పీసీకే పరిమితం. ట్రాక్టరు, ట్రాలీ, పశువుల కొట్టం లాంటివి కన్సోల్‌కు వస్తాయి. అక్కడ మెగాబైట్ల కన్నా స్లాట్ల లెక్క ముఖ్యం: కన్సోల్‌లో ప్రతి వస్తువుకూ మెమరీని బట్టి ఇన్ని స్లాట్లని ఉంటుంది, హద్దు దాటితే ఇంకో వస్తువు కొననివ్వదు. వెనక్కి వచ్చే మోడ్‌లలో సాధారణంగా ఉండే లోపాలు చాలా చిన్నవి. లాగ్ ఫైలులో ఒక హెచ్చరిక, అవసరానికి మించిన టెక్స్చర్, వాడకుండా జిప్‌లో వదిలేసిన ఫైలు. జెయింట్స్ ఇచ్చే టెస్ట్‌రన్నర్‌ను పంపే ముందు ఒకసారి నడిపితే వీటిలో చాలావరకు ఇంట్లోనే దొరుకుతాయి.

బాల్డర్స్ గేట్ 3 ఆటలో దాని తయారీ కంపెనీ లారియన్ మధ్యస్థమైన దారి పట్టింది. ఏడో ప్యాచ్‌తో 2024 సెప్టెంబరులో పీసీకి, అక్టోబరులో కన్సోల్‌లకు మోడ్‌లు వచ్చాయి. మోడ్.ఐఓ అనే మోడ్ సర్వీసు ద్వారా రచయితలు పంపుతారు, వాటిలో ఎంపిక చేసినవే కన్సోల్ జాబితాలోకి వెళ్తాయి. పీసీలో ఉన్న మోడ్ కన్సోల్‌లో లేదంటే తిరస్కరించారని కాదు, ఇంకా వరుసలో ఉండొచ్చు. మైన్‌క్రాఫ్ట్ మార్కెట్‌ప్లేస్ కథ వేరు. 2017లో మొదలైంది, అక్కడ అమ్మాలంటే ముందు భాగస్వామిగా దరఖాస్తు చేసి ఒప్పించాలి. మోడ్ కన్నా ముందు మనిషినే జల్లెడ పడతారన్నమాట.

నింటెండో దగ్గర ఈ చర్చే చిన్నది. 2017 నవంబరులో స్విచ్‌కు వచ్చిన స్కైరిమ్‌లో మోడ్‌ల మెనూయే పెట్టలేదు. లెవెల్ తయారీ సాధనాలు ఆటలోనే ఇచ్చినచోట మాత్రం నింటెండో స్వయంగా కాపలా కాస్తుంది. 2015 నాటి సూపర్ మారియో మేకర్‌లో నిర్ణీత గడువులో తగినన్ని స్టార్‌లు రాని లెవెల్‌లను సర్వరు నుంచి తీసేసేవారు. అసభ్యతా లేదు, దొంగతనమూ లేదు, జనం మెచ్చుకోకపోవడమే నేరం. 2020 నవంబరులో దీవి కట్టుకునే ఆట యానిమల్ క్రాసింగ్‌కు సంబంధించి వ్యాపార సంస్థలకు మార్గదర్శకాలు ఇస్తూ ఆటలోకి రాజకీయాలు తేవద్దంది. ఎన్నికల వేళ పార్టీ జెండాలతో దీవి కట్టాలనుకునే వాలంటీర్లు గమనించాలి.

ఇప్పుడు హద్దుల లోపలి నిబంధనలకు వద్దాం. విశాఖ కుర్రాళ్లు ఎక్కువగా చిక్కుకునేది ఇక్కడే. మొదటిది పాటలు. ఆటలోని రేడియోలో తెలుగు సినిమా పాటలు పెట్టాలన్న కోరిక అందరికీ ఉంటుంది. ఆడియో కంపెనీ ఫిర్యాదు చేసిన రోజున మోడ్ పోతుంది. డబ్బు తీసుకోలేదు, పేరు కూడా వేశాం అన్న వాదన నిలబడదు. పాట కావాలంటే మీరో మీ మిత్రులో సొంతంగా బాణీ కట్టి పాడినది పెట్టండి. పాత పాటను మళ్లీ పాడినా బాణీ, సాహిత్యం హక్కులు అలాగే ఉంటాయి. రెండోది హోర్డింగు మీద హీరో బొమ్మ, దుకాణం మీద అసలు కంపెనీ లోగో. జగదాంబ జంక్షన్‌ను ఉన్నదున్నట్టు కట్టాలనే ఉత్సాహంలో బోర్డులన్నీ ఫొటో తీసి అతికిస్తారు. ఒక్క బోర్డు చాలు ఫిర్యాదుకు. కల్పిత పేర్లు పెట్టుకుంటే జంక్షన్ అందమేమీ తగ్గదు.

మూడోది మన ఊరికే ప్రత్యేకం. నేవీ ప్రాంతాల్లో ఫొటోలకు నిషేధం ఉంది. ఏ మోడ్ కంపెనీ నిబంధనల్లోనూ ఇది కనిపించదు, కానీ టెక్స్చర్ కోసమని డాక్‌యార్డ్ గోడల దగ్గర కెమెరా తీస్తే తర్వాత మాట్లాడాల్సింది మోడ్‌లు ఉంచాలా తీసేయాలా చూసే మోడరేటర్‌తో కాదు. జలాంతర్గామి కావాలంటే బీచ్ రోడ్డులో కుర్సురా మ్యూజియం ఉండనే ఉంది. అక్కడ కూడా ఫొటోలకు అనుమతి ఎంతవరకో కౌంటర్లో అడిగి తెలుసుకోవాలి.

పేర్ల దగ్గర ఓ చిన్న ఇబ్బంది. ఆటోమేటిక్ ఫిల్టర్లు అర్థాన్ని చూడవు, అక్షరాల వరుసను చూస్తాయి. దీక్షితులు అన్న ఇంటిపేరును ఇంగ్లిష్ అక్షరాల్లో రాసి చూడండి, అందులో ఒక బూతు దొరుకుతుంది. మోడ్ శీర్షికలో అలాంటి పేరు ఉంటే మనిషి కంటికి వెళ్లకముందే ఆగే వీలుంది. శీర్షికలో పొట్టి పేరు పెట్టి, పూర్తి పేరు వివరణలో రాస్తే అప్పీలు దాకా పోనక్కర్లేదు.

దొంగ మోడ్‌ల మీదా ఒక మాట. 2016 మే నెలాఖరున ఎక్స్‌బాక్స్ తలుపులు తెరుచుకోగానే పీసీ రచయితల మోడ్‌లను వేరేవాళ్లు తమ పేరుతో ఎక్కించేశారు. అసలు రచయితలు కాపీరైటు నోటీసులు పెట్టుకుంటూ పోవాల్సి వచ్చింది.  మీ లైట్‌హౌస్‌లో ఇంకొకరు చేసిన మెట్లు వాడితే "అందరికీ ఉచితం" అన్న మాట చాలదు, కన్సోల్‌కు తీసుకెళ్లడానికి అనుమతి ఉందో లేదో విడిగా అడగాలి. పీసీకి సరే అని కన్సోల్‌కు వద్దనే రచయితలు చాలామంది.

మన చట్టం ఈ విషయంలో ఏమంటుందంటే, 2013 కాపీరైట్ నిబంధనల్లో 75వ నిబంధన ప్రకారం ఫిర్యాదు సరిగా ఉందనిపిస్తే మధ్యవర్తి సంస్థ 36 గంటల్లో దాన్ని అందుబాటులో లేకుండా చేయాలి. 21 రోజుల్లో ఫిర్యాదుదారు కోర్టు ఉత్తర్వు తేకపోతే తిరిగి పెట్టొచ్చు. 2021 ఐటీ నిబంధనలు ఫిర్యాదు అందినట్టు 24 గంటల్లో చెప్పమంటాయి, నిర్ణీత గడువులో తేల్చమంటాయి. కాగితం మీద బలమైనవే. సర్వరు, కంపెనీ రెండూ విదేశంలో ఉన్నప్పుడు ఒక విద్యార్థి వీటిని పట్టుకుని ఎంత దూరం వెళ్లగలడన్నది వేరే సంగతి. యూరప్ వాళ్లకు ఈ విషయంలో కాస్త నయం: 2024 ఫిబ్రవరి 17 నుంచి అక్కడి డిజిటల్ సేవల చట్టం ప్రకారం దేన్నయినా తీసేస్తే కారణం రాసి ఇవ్వాలి.

మోడ్ పోవడం వేరు, ఖాతాకు మచ్చ పడటం వేరు. ఎక్స్‌బాక్స్‌లో 2023 ఆగస్టు నుంచి స్ట్రైకుల పద్ధతి ఉంది. బూతుకు ఒకటి, వేధింపుకు రెండు, ద్వేషపు మాటలకు మూడు. ఒక్కో స్ట్రైకు ఆరు నెలలు రికార్డులో ఉంటుంది, ఎనిమిది పోగైతే ఏడాది పాటు స్నేహితులతో మాటలు, ఆటలు అన్నీ బంద్. ఇది మైక్రోసాఫ్ట్ నేరుగా చేసే పని, గేమ్ కంపెనీకి సంబంధం లేదు.

ఇక మోడ్ కనిపించకపోతే ఎటు వెళ్లాలి? అప్‌లోడ్ సమయంలోనే ఆగితే అది ఫైలు రకం లేదా సైజు హద్దు. ఎవరికీ అప్పీలు లేదు, మోడ్‌నే మార్చుకోవాలి. ఎక్కింది గానీ ఆటలో వస్తువు బదులు ఎర్రటి ఆశ్చర్యార్థకం కనిపిస్తుంటే ఆకారం ఫైలు ఆర్కైవ్‌లో చేరలేదు. వస్తువు ఊదారంగులో మెరుస్తుంటే టెక్స్చర్ దారి తప్పింది. మోడల్ ఫైలులో మీ కంప్యూటర్ సీ డ్రైవు చిరునామా అలాగే మిగిలిపోవడం ఇందుకు పెద్ద కారణం, మీ పీసీలో మాత్రం చక్కగా కనిపిస్తుంది గనక పట్టుకోవడం కష్టం. లైట్‌హౌస్ దగ్గరికి వెళ్లగానే ఫ్రేములు పడిపోయి భవనాలు మిణుకుమంటే, ఆటలో ముందే కలిపి ఉంచిన ఆకారాల్లో ఒకదాన్ని మీరు కదిపారు. ఆ సెల్‌కు, అంటే మ్యాప్‌లోని ఆ గడికి, క్రియేషన్ కిట్‌లో ఆ కలిపిన ఆకారాలను (ప్రీకంబైన్‌లు) మళ్లీ తయారుచేయాలి, లేదా పాత వస్తువును కదపకుండా లైట్‌హౌస్‌నే పది అడుగులు జరపాలి. రెండోదే తేలిక. ఇవేవీ మోడరేషన్ కాదు. అందుకే ముందు బయటివాళ్లకు కనిపించకుండా ఎక్కించి, సొంత కన్సోల్‌లోనో మిత్రుడి కన్సోల్‌లోనో దించి చూసుకున్నాకే ప్రచురించాలి.

కొన్నాళ్లు ఉండి మాయమైతే అప్పుడు మోడరేషన్. గేమ్ కంపెనీ సపోర్టుకు, లేదా మోడ్.ఐఓ లాంటి సర్వీసుకు రాయాలి, కన్సోల్ కంపెనీకి కాదు. మోడ్ పేరు, ప్లాట్‌ఫారం, వెర్షన్ నంబరు, ప్రచురించిన తేదీ, ఏ ఫైలు ఎక్కడిదో చెప్పే పట్టిక, అనుమతి ఇచ్చినవాళ్ల సందేశాల స్క్రీన్‌షాట్లు జతచేయాలి. ఆవేశం అక్కర్లేదు, పదిహేను లైన్లు చాలు. తొలగింపు దేని మీద ఆధారపడిందో ఒక ప్రశ్న మాత్రం సూటిగా అడగాలి: కాపీరైటు ఫిర్యాదా, కంటెంట్ నిబంధనా? కాపీరైటు అయితే ఆ ముక్క తీసేసి కొత్త వెర్షన్ పంపితే సరిపోవచ్చు. కంటెంట్ నిబంధన అయితే ఏ నిబంధనో చెప్పేదాకా అదే మోడ్‌ను పేరు మార్చి మళ్లీ ఎక్కించొద్దు. ఆ పని చేసినవాళ్లకు రెండోసారి పోయేది మోడ్ కాదు, ఖాతా.